ఆయుష్షు జన్యువు కోసం గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

శరీర పెరుగుదలను నడిపే ఒక జన్యువు మందకొడిగా పనిచేస్తే పురుగులూ ఎలుకలూ ఎక్కువ కాలం బతుకుతాయని క్లాసులో విన్నప్పటి నుంచి నాకు ఆయుష్షు అన్న మాటే కొత్తగా వినిపిస్తోంది. మనుషుల్లోనూ అంతేనా అన్నది ఇంకా తేలలేదు. మా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు తొంభై దాటినవాళ్ల ఉమ్మి నమూనాలు కావాలి. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెలో బాలమ్మ అవ్వ ఉందని స్నేహితురాలు చెప్పగానే, అవ్వ కోడలు లక్ష్మమ్మకు ఫోన్ చేసి బయల్దేరాను.

గద్వాలలో పొద్దున్నే బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. బస్టాండులో ఇడ్లీ తిని బిజినేపల్లి మీదుగా వెళ్లే బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి ముందే నాగర్‌కర్నూల్. అక్కడి నుంచి పల్లెకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"బాలమ్మ ఇంటికా? యముడు గా ఇంటి తొవ్వ మర్సిపోయిండమ్మా" అని నవ్వాడు ఆటో ఖాజా భాయ్. "నాలుగింటికొస్త, రోడ్డు మీదుండు. గదే ఆఖరు ట్రిప్పు."

అవ్వ అరుగు మీద పల్లికాయలు ఒలుస్తోంది. నా చేతిలోని సీసా చూసి, "ఎంగిలి కోసం గింత దూరమొచ్చినవా? మా ఊర్ల ఊకెనే ఉమ్ముతరు గదే!" అంది. లక్ష్మమ్మ చేను నుంచి వచ్చేదాకా ఆగాం. ఏమీ తినకముందే ఉమ్మి తీసుకుంటానంటే అవ్వ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లు తినకుండా ఏ పనీ జరగదట. జొన్నరొట్టె, చుక్కకూర పప్పు ముగ్గురం తిన్నాం. తిన్నాక అరగంట ఆగాలి. ఆ అరగంటలోనే అంతా జరిగింది.

"గీ సీసల ఏం తెలుస్తదే?" అంది అవ్వ, మళ్లీ పల్లికాయలు ఒలుస్తూ.

ఉత్సాహంగా జన్యువు గురించి చెప్పాను. అది తల్లి నుంచి పిల్లలకూ వస్తుందన్నాను.

"పిల్లలకొస్తదా?" అవ్వ ఒలవడం ఆపింది. "మరి నా ఇద్దరు కొడుకులు నలభై దాటకుండనే పోయిండ్రు. వాళ్ల ఆయుష్షు నేనే తిన్ననంటరు ఊరోళ్లు. నిజమేనా బిడ్డా?"

"మనుషుల్ల ఇంక ఏం తేలలేదవ్వా. ఇప్పుడే చెప్పలేం" అన్నాను. జన్యువు సంగతే అడిగిందనుకున్నాను.

"ఏందమ్మా, కాదని ఒక్క మాట అనరాదా?" అంది లక్ష్మమ్మ. ఆమె అవ్వ పెద్దకొడుకు భార్య.

అప్పుడు అర్థమైంది. "కాదవ్వా! ఒకరి ఆయుష్షు ఇంకొకరికి రాదు. ఇది ఖాయం."

"మొదలు చెప్పలేమంటివి. గిప్పుడు నా మొహం జూసి అంటున్నవు."

నేను ఎంత చెప్పినా వినకుండా సీసా తీసుకుని దాని మీది గీత దాకా జాగ్రత్తగా ఉమ్మింది. రోడ్డు మీద ఆటో హారన్ మోగింది. సీసా నా చేతిలో పెట్టి, "తేలినంక వచ్చి చెప్పు. అందాక బతుకుత" అంది.

ఆ సీసా ఇప్పుడు ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంది. దాని మీద పేరు లేదు, నంబరే. అందులో ఏది తేలినా అవ్వ అడిగినదానితో సంబంధం ఉండదు. అవ్వ ప్రశ్నకు జవాబు ఆ రోజే నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనిదానితో కలిపి చెప్పాను.

మీరు ఆ వైపు పల్లెలకు ఎవరితోనైనా మాట్లాడటానికి వెళ్తే, ముందు రోజే నాగర్‌కర్నూల్ చేరి రాత్రి అక్కడే ఉండి, పొద్దున మొదటి ఆటోకే వెళ్లండి. నాలుగు దాటితే తిరుగు ఆటో ఉండదు. నేను ఆటో అందుకున్నాను. అవ్వ పక్కన ఇంకాసేపు కూర్చోలేకపోయాను.