నేస్తానికి తగ్గకుండా

సోములమ్మకి కుళ్ళు ఎక్కువ. ఇది చాటున అనే మాట కాదు, ఆమె ఎదుటే అనొచ్చు. "కుళ్ళే మరి. ఉన్నదాన్ని నేదంటానేటి?" అని తనే ఒప్పుకుంటుంది. అయితే ఆ కుళ్ళు ఊరందరి మీదా కాదు, ఒక్క మనిషి మీదే. ఆ మనిషి పేరు పాంగి సోని. సోములమ్మకి ప్రాణం లాంటి నేస్తం కూడా ఆమే.

గూడెం కొత్తవీధి నుంచి జీపు ఎక్కి, జీపు ఇంక పోలేనన్న చోట దిగి కొంత నడిస్తే సోములమ్మ వాళ్ళ ఊరు వస్తుంది. కింద పారే గెడ్డ దాటితే సోని ఊరు. ఇద్దరూ ఒకే వారంలో పుట్టారని, పసిపిల్లలుగా ఉండగానే తల్లులు నేస్తం కట్టించారు. ఆ ఊళ్ళలో నేస్తం అంటే వట్టి స్నేహం కాదు, పెద్దల ముందు కలుపుకునే చుట్టరికం. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఒకరింట్లో పెళ్ళైనా చావైనా రెండోవారు ఇంటిమనిషిలా నిలబడాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది గానీ ఇద్దరి మధ్యా డబ్బు మాట రాకూడదు. ఎంతకి కొన్నావు, ఏమైనా అప్పు ఉందా అని నేస్తాన్ని అడగడమంటే చెయ్యి చేసుకున్నంత తప్పు.

చైత్రంలో మగవాళ్ళు వేటకి పోయే ఇటుకల పండగకి ఒక ఏడాది ఒకరు కానుక పట్టుకెళితే మరుసటి ఏడాది రెండోవారు తేవాలి. పుచ్చుకున్నదానికి తగ్గకూడదు. అంతవరకే ఆచారం. పుచ్చుకున్నదాన్ని మించిపోవాలన్నది మాత్రం సోములమ్మ సొంతంగా కలుపుకున్నది.

అమ్మల కాలంలో ఆ కానుక తట్టెడు చోళ్ళు, అంటే రాగులు, ఒక కోడిపుంజు. తర్వాత చీరలు వచ్చాయి. తోటల్లో మిరియం తీగలు చెట్లెక్కి నాలుగు డబ్బులు కళ్ళబడ్డాక ఒక చైత్రంలో సోని ఇత్తడి బిందె తెచ్చింది. మరు చైత్రానికి సోములమ్మ మేకపోతుని తోలుకెళ్ళింది. సోని మంచమూ పరుపూ మోయించుకొచ్చింది. సోములమ్మ గ్రైండరు ఎత్తించుకెళ్ళింది. సోని ఊళ్ళో కరెంటు ఉండే పూటలు తక్కువ, పోయే పూటలు ఎక్కువ. అయినా గ్రైండరే ఇవ్వాలంది సోములమ్మ, ఎందుకంటే మంచం కన్నా గ్రైండరుకి ఊరు ఎక్కువ నోరు తెరుస్తుంది.

మొన్న చైత్రంలో సోని వచ్చి, అరతులం బంగారు కమ్మలు సోములమ్మ చెవులకి తన చేత్తోనే పెట్టింది. ఊరి ఆడవాళ్ళంతా చూశారు. సోములమ్మ నవ్వింది, నేస్తాన్ని కావలించుకుంది, ఆ పూట అన్నం ముట్టలేదు.

"బంగారాన్ని మించి ఇంకేటి పట్టుకెల్తాను మేడమ్మా?" అని నన్ను అడిగింది.

నా పేరు సుజానా, మాది పాడేరు. మహిళా సంఘాల వాళ్ళకి ఏ అప్పు ముందు తీర్చాలి, ఏది తర్వాత తీర్చాలి అని సలహా చెప్పడం నా ఉద్యోగం. జీతం వస్తుంది కనక సలహాకి ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోను. దాంతో వచ్చిన చిక్కేమిటో ముందు ముందు చెబుతాను.

సోములమ్మకి మూడు అప్పులు. సంఘం తరఫున బ్యాంకులో తీసుకున్నది ఒకటి, దానికి వడ్డీ తక్కువ. రెండోది ఊళ్ళు తిరిగి అప్పులిచ్చే కంపెనీది. వారం వారం కట్టాలి, కట్టకపోతే వాళ్ళ మనుషులొచ్చి వాకిట్లో కూర్చుంటారు. మూడోది సంత షావుకారుది. కాఫీ తోట పూత మీద ఉండగా అడ్వాన్సు ఇస్తాడు, పండు దిగాక తను చెప్పిన ధరకి తనకే పొయ్యాలి. దానికి వడ్డీయే లేదని సోములమ్మ మురిసిపోయేది. ధరలో అతను కోసుకునేదంతా వడ్డీయేనని నేను ఎంత మొత్తుకున్నా తలకెక్కలేదు. ఈ అప్పుల్లో కొంత ఇంటి రేకులకీ, భర్త గాసి జ్వరానికీ అయింది. మిగతాదంతా గెడ్డ దాటి సోని ఇంటికి పోయింది. తీర్చడానికి ఆమెకున్నదల్లా రెండెకరాల కాఫీ తోట. ఆ తోట పంట చేతిలో ఉన్నంతకాలం ఆమె మనిషి, అది చెయ్యి జారితే కూలీ.

"కమ్మలు అమ్మెయ్" అన్నాను. "ఆ డబ్బుతో షావుకారు అడ్వాన్సు తిరిగి కట్టెయ్. ఈ ఏడాది పండు మంచి ధర వచ్చిన చోట అమ్ముకో. అందులోంచి కంపెనీది తీర్చు. బ్యాంకుది మెల్లగా పోతుంది. వచ్చే చైత్రానికి సోనికి ఒక చీర పట్టుకెళ్ళు, చాలు."

చెవులే కోసిమ్మన్నట్టు చూసింది నన్ను. "నేస్తం పెట్టినవి అమ్ముకోమంటావా? బంగారానికి సీర పట్టుకెల్తే గెడ్డ అవతల ఆడోలు నవ్విపోరేటి?" అంది. నా సలహా అక్కడితో సరి.

కార్తీకంలో పండు ఎర్రబడుతుండగా రవిబాబు దిగాడు, మైదానం నుంచి. మడత నలగని చొక్కా, మెడలో కార్డు, సంతలో గొడుగు కింద ఒక బల్ల, బల్ల వెనక 'అప్పుల నుంచి విముక్తి' అని ఫ్లెక్సీ. మీ అప్పులన్నీ నాకు వదిలెయ్యండి, అందరితో నేను మాట్లాడి తగ్గిస్తాను, అన్నీ కలిపి ఒకటే అప్పు చేస్తాను, నెలకి ఒకటే చిన్న కిస్తీ అంటాడు. ఈలోగా ఎవరికీ ఏమీ కట్టొద్దంటాడు. ఇంతా చేసినందుకు ముందుగా ఎనిమిది వేలు ఫీజు. మూడేళ్ళ కాఫీ పంట తన మనుషులకే ఇస్తామని ఒక కాగితం మీద సంతకం.

"తగ్గిస్తామని ఏ బ్యాంకు రాసిచ్చిందండీ?" అని అడిగాను.

"ప్రాసెస్‌లో ఉంది మేడం" అని నవ్వాడు.

నిజం చెప్పొద్దూ, అతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి ఆ కొండలు ఎక్కి దిగుతున్నాను. నేను మీటింగు పెడితే నలుగురొస్తారు, అందులో ఇద్దరు టీ కోసం. అతని బల్ల ముందు చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ వరస కట్టారు. నాలో ఏం తక్కువని సోములమ్మనే అడిగాను.

"నువ్వు ఊరికే సెప్తావు మేడమ్మా. ఆడు ఎనిమిది ఏలు అడుగుతున్నాడు. ఇలవ నేని మాటకి అంత అడుగుతాడేటి?" అంది. ఉచితంగా చెప్పడంలో ఉన్న చిక్కు ఇదీ.

అయినా ఎనిమిది వేలనేసరికి ఆమె కొంచెం వెనకాడింది. ఆ సంకోచం కూడా ఒక్క మాటతో పోగొట్టాడు రవిబాబు. ఎవరికి ఎక్కడ దురదో ముందే విచారించుకుని వచ్చాడు మహానుభావుడు. "మీ నేస్తంగారు ఎప్పుడో చేరిపోయారండి. ఫీజు కూడా కట్టేశారు" అన్నాడు.

సోములమ్మ సంతోషం పట్టలేకపోయింది. సోనికి అప్పులున్నాయి! ఆ కమ్మలూ ఆ మంచమూ అప్పు చేసి తెచ్చినవే! ఆ సంతోషం సంత దాటేదాకా కూడా నిలవలేదు. సోని తనతో ఒక్క మాటైనా అనకుండా, తనకంటే ముందు అప్పుల్లోంచి బయటపడిపోతోంది. అప్పే లేని సోని ఇంక ఏం మోసుకొస్తుందో!

"దాని తోట నా తోట కన్నా ముందు పండుతాది. దాని మిరియం కంకి నా కంకి కన్నా పొడుగు. దాని మొగుడు తాగడు. ఇప్పుడు అప్పు కూడా అదే ముందు తీర్సీసుకుంటాదా?" అని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేను మాత్రం రోజూ తాగుతానేటి?" అని గాసి పక్కనుంచి గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"అతను చెప్పింది నిజమో కాదో వెళ్ళి సోనినే అడుగు" అన్నాను.

"నేస్తాన్ని డబ్బు మాట అడుగుతారేటి? ఈ కొండల్లో తిరిగి నేర్సుకున్నది ఇదేనా?" అని నా మీద ఎగిరింది. రవిబాబుకి కావలసిందీ అదే. వీళ్ళు ఒకరినొకరు డబ్బు మాట అడగరని అతనికి బాగా తెలుసు. సోములమ్మ ఫీజు కోసం రెండు మేకలు అమ్మేసింది. వచ్చే సంతకి సంతకం అంది.

వాళ్ళిద్దరికీ పట్టింపు గానీ నాకేం పట్టింపు? సంత రోజు పొద్దున్నే గెడ్డ దాటి సోని ఇంటికి పోయాను. వాకిట్లో చాటతో మిరియాలు చెరుగుతోంది. బక్కమనిషి, మెడలో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదు. సూటిగా అడిగేశాను.

"కట్టీసినాను" అంది తలెత్తకుండా. "కాయితం మీద ఏలుముద్ర కూడా ఏసీసినాను. కంపినీకి కట్టొద్దన్నాడు, మానీసినాను. ఇప్పుడు కంపినీవోలు ఒచ్చి ఇదిగో, ఇక్కడే కూకుంటన్నారు. ఆడికి పోను కొడితే ఎత్తడు."

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా సోనీ. ఎందుకు వేశావు?"

"నా నేస్తం సేరిపోనాదన్నాడు. అది గట్టున పడిపోతే నేను ఎనక ఉండిపోనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సోములమ్మ ఇంకా చేరలేదని, నువ్వు చేరావని విని ఇవాళ చేరబోతోందని చెప్పాను. సోని చాట కింద పెట్టింది. చేతులైనా కడుక్కోకుండా బయల్దేరింది. గెడ్డ దాటి ఆ ఎక్కుడు ఎక్కుతుంటే ఆమె వెనక నేను రొప్పుకుంటూ పరిగెత్తాల్సి వచ్చింది.

సోములమ్మ డబ్బు కొంగున ముడేసుకుని గుమ్మం దిగుతోంది.

"కట్టకు నేస్తం. ఆడు దొంగోడు" అంది సోని.

సోములమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు కట్టీసి నన్ను వొద్దంటన్నావేటి?"

ఆ మాట విని నాకు చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. సోనికి మాత్రం కోపం రాలేదు. అలాగే నేల మీద కూలబడి, ఏ నేస్తమూ ఏ నేస్తంతోనూ చెప్పకూడనివన్నీ చెప్పేసింది. బిందె ఎక్కడ అప్పు చేసి కొన్నదీ, మంచం ఎలా తెచ్చిందీ, కమ్మలకి కంపెనీ దగ్గర ఎంత తీసుకున్నదీ.

"నీకు బాగా ఉన్నాదనుకున్నాను" అంది. "నేను బిందె తెస్తే మేకపోతుని తోలుకొచ్చినావు. మంచం తెస్తే గ్రైండరు ఎత్తుకొచ్చినావు. ప్రతి సైత్రానికీ బెంగే నాకు, ఈసారి ఏటి తెస్తావో, మరు ఏడు నేనేటి తేవాలో అని. ఒక్క ఏడు నువ్వు తక్కువ తెచ్చుంటే నేను బతికిపోదును నేస్తం."

సోములమ్మ కొంగు ముడి బిగించి పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక నేస్తాన్ని ఎన్నడూ అడగని మాట అడిగింది.

"మొత్తం ఎంత అప్పు?"

సోని చెప్పింది.

"నాకన్నా ఎక్కువేటి?" అని సోములమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "కంపినీవోలు నీకు అంత ఎలగ ఇచ్చినారు? నేనడిగితే ఇవ్వనేదే!"

నేను పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. సోని ఏడుస్తోంది. సోములమ్మ వెళ్ళి ఆమె పక్కన చతికిలబడి, అదే కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

ఆ రోజు ఎవరూ సంతకి వెళ్ళలేదు. పై వారానికి రవిబాబు బల్లా లేదు, గొడుగూ లేదు. సోని కాగితం సంగతి పాడేరులో ఆఫీసుల చుట్టూ తిరిగి కనుక్కుంటే, బయటివాడు గిరిజనుల తోట మీద రాయించుకున్న ఆ కాగితం చెల్లదన్నారు. తోట దక్కింది గానీ ఎనిమిది వేలూ పోయినట్టే. కమ్మల విషయంలో సోని నన్ను మించిపోయింది. "నేనే పెట్టినాను, నేనే తీస్తన్నాను" అని సోములమ్మ చెవుల నుంచి విప్పి నా చేతిలో పెట్టింది. వాటిని అమ్మి అడ్వాన్సు షావుకారు ముఖాన కొట్టాం. అప్పుడు మాత్రం అతను వడ్డీ అడిగాడు. ఈ ఏడాది పండు సోములమ్మ తనకి నచ్చిన చోట, ఎన్నడూ చూడని ధరకి అమ్ముకుంది.

డబ్బు చేతిలో పడ్డాక నేను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. అందులోంచి తన కంపెనీ అప్పు తీర్చెయ్యాలి. అలా చేస్తే సోములమ్మకి బ్యాంకుది ఒక్కటే ఉంటుంది, నిద్రపోవచ్చు. సరేనంది. కంపెనీవాళ్ళు వసూలుకి వచ్చే రోజున నన్ను రమ్మంది. వెళ్ళాను. తిన్నగా గెడ్డ వైపు నడిచింది.

సోని వాకిట్లో కంపెనీ మనుషులు ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చున్నారు. సోని గుమ్మంలో నిలబడి ఉంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. సోములమ్మ డబ్బు తీసి నా చేతిలో పెట్టి, "నేస్తం బాకీ ఎంతుందో అంతా కట్టీ" అంది.

ఆమెను పక్కకి లాక్కెళ్ళాను. "నీకేమైనా పిచ్చా? ఇది తప్పు లెక్క. నీ అప్పుకి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆమె బయటపడుతుంది, నువ్వు ఇంకో ఏడాది వారం వారం కడుతూ కూర్చోవాలి" అని అరిచినంత పని చేశాను.

"తెలుసు" అంది సోములమ్మ. కళ్ళు సోని మీదే ఉన్నాయి, ముఖం కందగడ్డలా ఉంది. "అది నాకన్నా ముందు ఒడ్డెక్కిపోతాది. నాకు ఒళ్ళు మండిపోతంది మేడమ్మా. బేగి కట్టీ, నా మనసు మారిపోగలదు."