మట్మారిలో నేను చెప్పిన మూడు మాటలు

ఎనభైల చివర, ఒక జూన్ నెలలో, కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ కరెంటు కేంద్రంలో అసిస్టెంట్ కెమిస్టుగా చేరాను. కరెంటు తయారయ్యే చోట కెమిస్టుకేం పని అని రాయచూరు బజారులో కిరాణా కొట్టు నడిపే మా నాన్నే అడిగాడు. మా పని నీళ్ళతో. బాయిలరులోకి వెళ్ళే నీరు తాగే నీటికన్నా ఎన్నో రెట్లు శుద్ధంగా ఉండాలి. అందులో సిలికా అనే ఇసుక పదార్థం ఏ కాస్త మిగిలినా ఆవిరితో పాటు వెళ్ళి టర్బైను రెక్కలకు పొరలా అంటుకుంటుంది. షిఫ్టు పొడుగునా నమూనాలు తీసి, పరీక్షించి, లాగ్‌షీటులో అంకె రాసి సంతకం పెట్టాలి. నా పైన కెమిస్టు, ఆయన పైన చీఫ్ కెమిస్టు. మా సంతకం చూసి ఆపరేటర్లు వాల్వు తిప్పుతారు. ఎందుకని అడగరు. అలా అడగకుండా నమ్మేవాళ్ళ మధ్య కొన్నేళ్ళు పనిచేస్తే మనిషికి తన సంతకం మీద లేనిపోని గౌరవం పుడుతుంది. నాకూ పుట్టింది.

మా అక్క సరోజను రాయచూరు దగ్గరి మట్మారి అనే ఊళ్ళో ఇచ్చాం. బావకు అక్కడ విత్తనాలు, ఎరువుల దుకాణం. నలభై నిండకుండానే అక్కకు కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళు, మోకాళ్ళు వాచిపోయి పొద్దున లేవగానే చెంబు కూడా పట్టుకోలేకపోయేది. రాయచూరులో చూపించి మందులు వాడితే కడుపులో మంటని మానేసింది. అప్పుడు దొరికాడు ఒక నాటు వైద్యుడు. ఏ ఊరివాడో ఎవరికీ సరిగా తెలియదు. వారానికోసారి వచ్చి బస్సులు ఆగే చోట ఒక అద్దె గదిలో కూర్చునేవాడు. బూడిదరంగు పొడి పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. పొద్దున్నే చిటికెడు తేనెలో కలిపి నాకాలి. అంతా చెట్లమందు, ఇంగ్లీషు మందుల్లా హాని చేయదు అని అతని మాట. అక్క వారంలో లేచి నడిచింది. నెల తిరిగేసరికి నీళ్ళ బిందె ఎత్తింది. ఊరు ఊరంతా చూసింది కాబట్టి ఇంకెవరూ ప్రచారం చేయాల్సిన పని లేకపోయింది.

మూలికల మీద నాకు చిన్నచూపు లేదు. మా అమ్మ కాచిన శొంఠి కషాయం, వాము నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే. కానీ ఏళ్ళ తరబడి ఉన్న కీళ్ళవాతం వారంలో తగ్గడం నాకు మింగుడుపడలేదు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. అక్క నడుస్తోందన్న సంతోషంలో అదీ మింగేశాను.

కొన్ని నెలలకు బావ ఒక పొట్లం పట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. ఇలాంటి పొడుల్లో పాదరసం, సీసం కలుపుతారని రాయచూరులో ఎవరో అన్నారట. మీ ల్యాబులో చూసి చెప్పమన్నాడు. బయటి నమూనాలు మా ల్యాబులో పరీక్షించాలంటే చీఫ్ కెమిస్టు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నేను అడగలేదు. షిఫ్టు దిగాక ఒక గంట ఉండి కానిచ్చేశాను.

పద్ధతి ఇది. పొడిని గాఢమైన ఆమ్లంలో మరిగించాలి. ఆకు, వేరు, బెరడు, ఏదున్నా అందులో కాలిపోతుంది, లోహాలు మాత్రం మిగులుతాయి. ఆ ద్రవంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపితే, సీసమో పాదరసమో ఉంటే నల్లబడుతుంది. పక్కన పొడి కలపని ద్రవాన్నీ పోలికకు పెట్టుకుని రెండుసార్లు చేశాను. నల్లబడలేదు. ఒక చీటీ మీద సీసం లేదు, పాదరసం లేదు అని రాసి, సంతకం చేసి, కింద హోదా కూడా వేశాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, బావకు కావలసింది అదే, నాకు కావలసిందీ అదే.

ఆ చీటీకి వైద్యుడు అద్దం కట్టించి గదిలో గోడకు తగిలించాడని బావే నవ్వుతూ చెప్పాడు. నాకూ కొంచెం గర్వంగానే ఉండిందని ఒప్పుకోవాలి. ఇది నేను మట్మారికి చెప్పిన మొదటి మాట. ఆ తర్వాత ఊళ్ళో ఇంకో ఇరవైమంది దాకా ఆ పొడి మొదలుపెట్టారు. ఎక్కువమంది కూలికి పోయేవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు.

తర్వాతి ఏడాది ఎండలు ముదిరే వేళకు అక్కను చూసి తెల్లబోయాను. ముఖం పూర్ణచంద్రుడిలా గుండ్రంగా ఉబ్బింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. గాజు తగిలినచోటల్లా చర్మం కింద నెత్తురు కమిలి ఉంది. ఒళ్ళు చేసిందని ఇంట్లో అందరూ సంతోషపడుతున్నారు. నాకు మాత్రం అది ఒళ్ళు చేయడంలా అనిపించలేదు.

మా కాలనీ దవాఖానలో ధార్వాడ వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరుండేవాడు. మరునాడు ఆయనకు చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, స్టీరాయిడ్ మాత్రలు నూరి ఆ పొడిలో కలిపి ఉంటారన్నాడు. అది వాపునూ నొప్పినీ మంత్రం వేసినట్టు తగ్గిస్తుంది, లోపల మనిషిని తినేస్తుంది అని, వెంటనే ఆమెను తీసుకురమ్మన్నాడు. ఇంకేదో చెప్పబోతుండగా నొప్పులు పడుతున్న ఒకామెను తీసుకొచ్చారు. ఆయన లేచాడు, నేను వచ్చేశాను. ఆయన చెప్పబోయిన మిగతా మాట కోసం అక్కడ పావుగంట కూర్చుని ఉండాల్సింది.

దారి పొడుగునా నన్ను తొలిచింది ఆమ్లం సంగతి. మాత్ర కూడా ఆకులాగే మరిగే ఆమ్లంలో కాలిపోతుంది. అంటే దొంగను మొదట నా చేత్తోనే తగలబెట్టి, తర్వాత ఇల్లంతా వెతికి, దొంగ లేడని సంతకం పెట్టాను. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆ సిగ్గే నన్ను తొందరపెట్టింది.

ఆదివారం మట్మారిలో బావ దుకాణం ముందు జనాన్ని పోగుచేసి, ఆ పొడి విషం, ఇప్పుడే పారేయండి అని చెప్పాను. అక్క పొట్లాలు నేనే తీసుకుని మోరీలో కుమ్మరించాను. పొడి ఆగితే చాలు, డాక్టరు దగ్గరికి తర్వాత తీసుకెళ్ళవచ్చు అనుకున్నాను. ఇది రెండో మాట. వైద్యుడు అప్పటికే గది ఖాళీ చేశాడు. ఎవరు చెప్పారో తెలియదు. నర్సమ్మ అనే ముసలామె, ఏడాది కింద సంతకం పెట్టింది నువ్వే కదా అని ముఖం మీదే అడిగింది. హనుమప్ప అనే కూలి మనిషి ఆమెను కసిరాడు. బావ దుకాణంలో మూటలు దింపేవాడు, నడుము నొప్పికి ఆరునెలలుగా వాడుతున్నాడు. ఇంటికి వెళ్ళి ఉన్న పొట్లాలన్నీ తెచ్చి, నా కళ్ళముందే నీళ్ళలో కలిపాడు.

“సారు సదువుకున్నోడు. తప్పయిందని తానే చెప్పబట్టె. ఇంకేం గావాలె?” అన్నాడు.

మూడో రోజు పొద్దున ల్యాబుకు ఫోను వచ్చింది. అక్క రాత్రి నుంచి కక్కుతోందట, మంచం మీంచి లేవడం లేదట, పిలిస్తే పలకడం లేదట. రాయచూరు ఆస్పత్రికి నేను చేరేసరికి బావ ఆమెను జీపులోంచి దింపుతున్నాడు. చెయ్యి పట్టుకుంటే చెమటతో చల్లగా ఉంది. పెద్ద డాక్టరు నాడి పట్టుకుని చూశాడు. రక్తపోటు అందడం లేదన్నాడు. ఏం మందులు వాడుతోంది, ఎప్పుడు ఆపింది, ఎవరు ఆపమన్నారు అని వరసగా అడిగాడు. మూడో ప్రశ్నకు నేనే అన్నాను.

ఆయన తిట్టలేదు. నర్సుకు ఇంజెక్షను, సెలైను చెప్పి, నాకు విడమరిచాడు. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంటిని నిలబెట్టే ఒక పదార్థాన్ని రోజూ అవే తయారుచేస్తాయి. బయటినుంచి నెలల తరబడి స్టీరాయిడ్ వస్తుంటే, ఇక మాతో పని లేదని అవి నిద్రపోతాయి. బయటిది ఒక్కసారిగా ఆపేస్తే, లోపలిది లేవదు. మనిషి కూలిపోతాడు. అందుకే కొలత తెలిసిన మాత్రతో మొదలుపెట్టి వారాలు, నెలలు పట్టి తగ్గించుకుంటూ రావాలి. ఆ రోజు కాలనీ డాక్టరు చెప్పబోయింది ఇదేనని నాకప్పుడు తెలిసింది.

మధ్యాహ్నానికి అక్క కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. “ఏమైందిరా, గట్ల సూస్తున్నవ్?” అంది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే డాక్టరు మళ్ళీ వచ్చి, ఇంకెవరైనా ఆపారా అని అడిగాడు.

ఆ ప్రశ్న విన్నప్పుడు పట్టిన భయం ఆ తర్వాత ఎప్పుడూ పట్టలేదు. మా కేంద్రంలో ఒకసారి ఆవిరి గొట్టం పగిలినప్పుడు కూడా ఇంత భయపడలేదు. దుకాణం ముందు నిలబడ్డ ముఖాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎవరి దగ్గర పొడి మిగిలిందో వాళ్ళు దాన్ని ఆపకుండా వాడుతూ రేపటికల్లా ఆస్పత్రికి రావాలి, వాంతులో నీరసమో ఉన్నవాళ్ళను ఉన్నపళంగా తేవాలి అని డాక్టరు చెప్పాడు. అదే జీపులో బావా నేనూ బయలుదేరాం.

నేను విషమని చెప్పినదాన్ని మళ్ళీ నాకమని ఇంటింటికీ తిరిగి చెప్పాలి. ఇది మూడో మాట. కొందరు తలుపు సగమే తీశారు. ఒకాయన నాకు మతి చెడిందా అని బావను అడిగాడు. నర్సమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఆమె చేట ఆపి నన్ను కిందినుంచి పైకి చూసింది.

“నిరుడు మంచిదని రాస్తివి. మొన్న ఇసమంటివి. ఇయాల మల్ల మింగమంటున్నవ్. గిట్ల మూడు తీర్ల మాట్లాడితే ఏది నమ్మాలె బిడ్డా?” అంది.

మా అక్క పరిస్థితి చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి పొట్లాలు తీసి చూపించింది. ఒక్కరోజూ ఆపలేదట. నీ మాట మీద మోకాళ్ళను మళ్ళీ మంచాన పెట్టుకుంటానా అంది. ఆ మాటకు నేనామె కాళ్ళకు దండం పెట్టబోయాను. తర్వాత ఇంటింటా అదే కథ. ఇంటి కప్పులో, గాదెలో, గోడ గూట్లో దాచినవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నా ముందు తలలూపినవాళ్ళలో దాదాపు ఎవరూ పారేయలేదు. ఒక్కో పొట్లం చూసినప్పుడల్లా నా ఊపిరి కొంచెం తేలికవుతూ వచ్చింది.

హనుమప్ప ఇంటికి తాళం ఉంది. అత్తగారి ఊరు అరకేరలో కూలి పని దొరికిందని సోమవారం భార్యతో వెళ్ళాడట. అక్కడికి కబురు చేద్దామంటే ఆ ఊళ్ళో ఫోను ఉన్నవాళ్ళెవరూ మాకు తెలియదు. ఇళ్ళన్నీ తిరిగేసరికే రాత్రి బాగా పొద్దుపోయింది. ఊళ్ళో మిగతావాళ్ళను చూసేవాళ్ళు కావాలి కాబట్టి బావను మట్మారిలోనే ఉంచి, మర్నాడు తెల్లవారగానే నేను జీపులో బయలుదేరాను. దేవదుర్గ దాటి వెళ్ళేదాకా, హనుమప్ప దగ్గర ఒక్క పొట్లమైనా మిగిలి ఉండాలని మొక్కుకుంటూనే ఉన్నాను. నా మాట పూర్తిగా వినకుండా ఉండాలని ఒక మనిషి గురించి దేవుణ్ణి అడగడం అదే మొదలు, అదే చివర.

ఇల్లు ఎవరినీ అడగాల్సిన అవసరం లేకపోయింది. గుమ్మం ముందు జనం ఉన్నారు. రెండు రోజులుగా కక్కుతున్నాడట, ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోశారట. తెల్లవారుజామున పోయాడు. అతని భార్య నన్ను గుర్తుపట్టింది. ఆమె నన్ను నిందించలేదు, అది చూసి నాకు ఇంకా భయమేసింది.

“సచ్చిపోతున్నా గాని ఆ పొడి మాటెత్తలే సారూ. ఒక్క సిటికెడు దాసుంటే తీసి ఏస్కోమంటే, సారుకు మాటిచ్చిన అన్నడు,” అంది.

తర్వాత జరిగినవి క్లుప్తంగా చెప్తాను. ల్యాబును సొంత పనికి వాడానని, చీటీ మీద హోదా వేశానని చీఫ్ కెమిస్టుకు నేనే రాసిచ్చాను. మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. నర్సమ్మ పొట్లాల్లో రెండు సీలు వేసి బెంగళూరు పంపితే స్టీరాయిడ్ అని తేలింది. వైద్యుడు దొరకలేదు. మట్మారి వాళ్ళకు రాయచూరు ఆస్పత్రిలో మాత్రలిచ్చి నెలల మీద తగ్గించుకుంటూ వచ్చారు. చాలామందికి పాత నొప్పులు తిరిగొచ్చాయి, అక్కకు కూడా. హనుమప్ప భార్యకు బావ తన దుకాణంలో పని ఇచ్చాడు. నేను ఆ దుకాణానికి వెళ్ళడం తగ్గించుకున్నాను.

ఇప్పుడు కూడా ఎవరో ఒకరు సీసానో పొట్లమో తెచ్చి, ఇది ప్రకృతి మందు, మంచిదా చెడ్డదా అని అడుగుతారు. నేను ఆ రెండూ చెప్పను. ఎన్నాళ్ళుగా వాడుతున్నారు, ఎంత త్వరగా గుణం కనిపించింది అని అడుగుతాను. మరీ త్వరగా కనిపిస్తే అందులో ఏదో దాచి ఉందని అనుమానించి, మందును పారేయనివ్వకుండా, మనిషినీ మందునూ కలిపి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. తప్పుగా చెప్పిన మాటకన్నా సగం తెలిసి చెప్పిన నిజం ఎక్కువ హాని చేయగలదని నేను నేర్చుకున్నది అక్కడే. మట్మారిలో నా మాట పూర్తిగా అమలైంది ఇద్దరి విషయంలోనే. వాళ్ళలో ఒకరు నా అక్క కాబట్టి నాకు ఫోను వచ్చింది.