ఉప్పు గురించి అడగలేదు

టెండర్లకు ప్రపోజల్ రాయడం ఎలాగో చెప్పమని ఈ మధ్య మా బంధువులమ్మాయి అడిగింది. కొత్త ఉద్యోగంలో అవసరమట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ పని నేను కొన్నేళ్లు తెనాలిలో చేశాను, బాగా చేస్తానని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు గుర్తొస్తే చాలు, ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

అప్పటికి రెండువేల సంవత్సరం వచ్చి నాలుగైదేళ్లయింది. తెనాలిలో మంచినీటి ఫిల్టర్లు తయారుచేసి బిగించే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. ఇంగ్లీషు ఎమ్మే చదివానని ప్రపోజల్స్ రాసే పని నాకు అప్పగించారు. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. ఆయన దృష్టిలో మంచి ప్రపోజల్ అంటే లావుపాటి ప్రపోజల్. ఎప్పటెప్పటివో సర్టిఫికెట్లు, ఎవరో పెద్దమనిషి తన మెడలో దండ వేస్తున్న ఫొటో, గోడౌన్ ముందు నిలబెట్టిన లారీ బొమ్మ, అన్నీ కుక్కి స్పైరల్ బైండింగ్ చేయించేవారు. కవరుకు లక్క సీళ్లు వేశాక పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, రాహుకాలం దాటాకే దాన్ని గుమ్మం దాటించేవారు. లోపల ఏం రాశామో చదివే ఓపిక ఏ ఆఫీసులోనూ ఎవరికీ ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చాలాసార్లు నిజమయ్యేది, అదే నాకు మరీ మంట.

ఒకసారి బాపట్లలోని ఒక ఆఫీసు రేపల్లె వైపు ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కు ఫిల్టర్ కావాలని ప్రపోజల్స్ పిలిచింది. ముందు వెళ్లి ఆ హాస్టల్ చూసొస్తానన్నాను.

"చూసేదేముందమ్మా? ఎక్కడైనా నీళ్లు నీళ్లేగా" అన్నారు సార్.

సెలవు పెట్టి సొంత ఖర్చుతో రేపల్లె రైలెక్కాను. అక్కణ్ణించి ఆటో. హాస్టల్ వంటావిడ నన్ను చూసి, నీళ్ల కంపెనీ మనిషినని తెలిసి, నేరుగా పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి గిన్నె మూత తీసింది.

"ఈ నీళ్లతో ఎంతసేపు ఉడకబెట్టినా పప్పు ఉడకదమ్మా. బద్దలు బద్దలుగానే ఉంటది. పిల్లలు ఏరి పక్కన పెడతారు. నన్నేం చెయ్యమంటారు?"

ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వాలి కదా, ఆ మర్యాద తెలిసిన ఒక పిల్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఏడో తరగతో ఎనిమిదో చదువుతుండాలి. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను, ఉప్పదనానికి మింగలేకపోయాను. సముద్రం దగ్గరి బోరు, ఇంకెలా ఉంటుంది? పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి వస్తే ఆ పిల్ల కిసుక్కున నవ్వింది.

"మాకు అలవాటైపోయిందక్కా. కొత్తగా చేరినోళ్లకే వాంతులవుతాయి" అంది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "మీరు మంచినీళ్ల మిషను పెడతారా అక్కా?"

"పెట్టిస్తాను" అన్నాను. అలా అనే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. అయినా అన్నాను, అందుకు ఇప్పటికీ నేనేమీ సిగ్గుపడను.

తెనాలి తిరిగొచ్చి బాపట్ల ఆఫీసు పంపిన కాగితాలు తీరిగ్గా చదివాను. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. వాళ్లు అడిగింది ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్. పళ్లు పచ్చబడటం, కాళ్లు వంకర్లు పోవడం, ఆ ఫ్లోరైడ్ బాధంతా మెట్ట ప్రాంతాలది. మా డెల్టా చివరి ఊళ్లలో బాధ ఉప్పు. ఫ్లోరైడ్ ఫిల్టర్‌లో పోస్తే ఉప్పునీళ్లు ఉప్పునీళ్లుగానే బయటికొస్తాయి. ఎక్కడో మెట్టజిల్లాలో పిలిచిన టెండర్‌ను ఎవరో మహానుభావుడు ఊరిపేరు మాత్రం మార్చి దించేశాడు. "కొండదారిలో రవాణాకు అనువుగా ఉండవలెను" అన్న షరతు కూడా అందులో అలాగే ఉంది. రేపల్లె చుట్టుపక్కల కాలవగట్టు కంటే ఎత్తైన నేల నేను చూడలేదు.

ప్రపోజల్స్ ఇవ్వడానికి ముందు అనుమానాలు తీర్చడానికి బాపట్లలో ఒక మీటింగు పెట్టారు. నీళ్ల కంపెనీల వాళ్లందరూ వచ్చారు. ఆ మీటింగులకు ఒక ఆనవాయితీ ఉంది: ఎవరూ ఏమీ అడగరు. అడిగినవాడు ఆఫీసరు కంట్లో పడతాడు, ఆ కంపెనీకి పని రాదు. అందుకని టీ తాగి, బిస్కెట్లు తిని, "అంతా క్లియర్‌గా ఉందండి" అని సంతకం పెట్టి లేస్తారు. నేను లేచి అడిగాను. అక్కడి నీళ్లు రుచి చూసి వచ్చానని, అక్కడున్నది ఉప్పని, ఈ ఫిల్టర్ దానికి పనికిరాదని చెప్పాను.

ఆఫీసరు కాగితాలు తిరగేసి కళ్లజోడు పైనించి చూశాడు. "ఏంటమ్మా నువ్వనేది? ఉప్పు గురించి మేం అడగలేదు గదా. అడిగిందానికి రాయండి."

గది మొత్తం నవ్వింది. మెట్లు దిగుతుంటే వేరే కంపెనీ పెద్దాయన నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, "టెండరంటే పరీక్ష పేపర్ లాంటిదమ్మా. ప్రశ్న తప్పని రాస్తే మార్కులేస్తారా?" నా మంచి కోరే అన్నాడు. ఆ మంచితనానికి నాకు ఏడుపొచ్చింది.

అయినా మొండికేశాను. అడిగిన ఫిల్టర్ గురించి అడిగినట్టే రాసి, దాని వెనక ఉప్పు సంగతి, వంటావిడ పప్పు సంగతి, ఉప్పు తీసే ప్లాంటుకు ఏమేం కావాలో కొన్ని పేజీలు చేర్చాను. నా జీవితంలో అంత శ్రద్ధగా మరేదీ రాయలేదు. సీళ్లు వేసేముందు సార్ నా ఎదురుగానే ఆ పేజీలు లాగేశారు.

"ఇవి ఉంటే మనల్ని మొదట్లోనే తీసేస్తారమ్మా. ముందు పని మన చేతికి రానీ. అప్పుడు ఉప్పు సంగతి మనమే చూద్దాం."

"చూస్తారా సార్?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

పని మా చేతికే వచ్చింది. ఆఫీసుకు స్వీట్లు తెచ్చారు, అమ్మాయి రాతే రాత అని అందరి ముందూ పొగిడారు. నేను ఉప్పు సంగతి ఎత్తితే సార్ నోట్లో స్వీటు పెట్టుకుంటూనే, "అగ్రిమెంటులో లేంది చేస్తే బిల్లు ఆగిపోయిద్దమ్మా" అన్నారు. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. కోసింది నా గొంతు కాదు, నేను మాటిచ్చిన ఆ పిల్లలది.

ప్రారంభోత్సవానికి నన్నూ కారులో తీసుకెళ్లారు. హాస్టల్ వరండాలో ఫిల్టర్ తళతళలాడుతోంది. మామిడాకులు కట్టారు. ఆఫీసరు రిబ్బన్ కత్తిరించి, టాప్ తిప్పి, గ్లాసు నింపి, ఫొటో అయ్యేదాకా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆ గ్లాసును ముందు వరసలో ఉన్న పిల్లకిచ్చాడు. ఆ రోజు నాకు నీళ్లు తెచ్చిన పిల్లే.

"తాగమ్మా. ఎలా ఉన్నాయి నీళ్లు?"

ఆ పిల్ల గటగటా తాగేసింది. "బాగున్నాయండి" అంది. చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు.

ఆఫీసరు కుర్చీ దగ్గర అతని కోసం రేపల్లెలో కొన్న నీళ్ల సీసా పెట్టి ఉంది. దాని మూత తిప్పుతున్నాడు. నాకిక ఉండబట్టలేదు. అదే టాప్ కింద ఇంకో గ్లాసు నింపి తీసుకెళ్లి అతని చేతికిచ్చాను.

"మీరూ తాగండి సార్."

అతను గ్లాసు వంక, నా వంక చూసి, "నాకు జలుబుగా ఉందమ్మా" అని దాన్ని బల్లమీద పెట్టేశాడు. సార్ నా మోచేయి పట్టి పక్కకు లాగారు. "నీకేమన్నా పిచ్చా?" అన్నారు. చెయ్యి విదిలించుకున్నాను. మీ ఉద్యోగం మీరే ఉంచుకోండని అందరికీ వినపడేలా చెప్పాను. అది మాత్రం ఎవరూ అడక్కుండానే చెప్పాను.

రైలుకు వెళ్దామని గేటు దాటుతుంటే ఆ పిల్ల వెనకే పరిగెత్తుకొచ్చింది. కోపం అణుచుకోలేక దానిమీదే విరుచుకుపడ్డాను.

"ఎందుకే అబద్ధం చెప్పావు? ఉప్పగా ఉన్నాయని ఎందుకు చెప్పలేదు?"

పిల్ల బిక్కమొహం వేసింది.

"ఎలా ఉన్నాయని అడిగితే బాగున్నాయండి అనమన్నారక్కా" అంది. "ఉప్పగా ఉన్నాయా అని వాళ్లు అడగలేదుగా."