అ స్తోర్

వెర్రిబీ అనే ఊళ్లో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించే రోజుల్లో నాకొక ఐరిష్ పెద్దావిడ పేషెంటుగా వచ్చింది. ఎనభై ఆరేళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. రిటైరైన కొడుకు దగ్గరుండి చూసుకునేవాడు.

వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశాక నా చెయ్యి తట్టి, "థాంక్యూ, అ స్తోర్" అనేది. షాపుకి వెళ్లాలని మనసు లాగుతోందేమో అనుకునేదాన్ని. మూడో వారం ఉండబట్టలేక, "స్టోర్‌కి తర్వాత వెళ్దురుగాని, ముందు గేటు దాకా నడవండి" అన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"షాపు కాదు, నిన్నే పిలుస్తున్నా. మా ఐరిష్‌లో స్తోర్ అంటే నిధి. ముందున్న 'అ' పిలుపు."

"మేమూ అంతే, పిల్లల్ని బంగారం అంటాం" అన్నాను.

నేను మరీ అంత పొరబడలేదట. ఆ మాట ఎప్పుడో ఇంగ్లీషు స్టోర్ నుంచే వాళ్ల భాషలోకి వచ్చిందట. నిలవ చేసిన సరుకు కాస్తా దాచుకున్న సొత్తయి, చివరికి ముద్దు పిలుపయింది. పిలుపు 'అ' తగిలితే చాలా మాటల్లో మొదటి అక్షరం మెత్తబడుతుందని కూడా చెప్పింది. స్నేహితుడు 'కార', పిలిస్తే 'అ ఖార', గొంతులోంచి. స్తోర్ మాత్రం మారదు. నాకు బళ్లో తెలుగు మాస్టారు చెప్పిన సంధి గుర్తొచ్చింది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. 'త' పోయి 'ద' వచ్చింది. ఆ సంగతి చెబితే, 'అన్నదమ్ములు' అని నాతో మూడుసార్లు అనిపించుకుని తనూ అంది.

టీ కప్పులతో వస్తున్న కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, నన్నూ అలాగే పిలుస్తావు కదా?"

"పుట్టినప్పట్నుంచీ."

"అదేదో నీ ఊతపదం అనుకున్నాను."

"మీ నాన్నకి ఐరిష్ రాదు. బళ్లో నిన్ను ఏడిపిస్తారని నీకూ నేర్పలేదు. ఆ ఒక్క మాటే నోరు జారి వచ్చేసేది" అంది.

అరవై దాటిన మనిషి. కప్పులు బల్ల మీద పెట్టి, నేనిచ్చిన వ్యాయామాల కాగితం వెనక్కి తిప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట రాశాడు. ఆవిడ పెన్ను తీసుకుని 'ఓ' మీద చిన్న ఏటవాలు గీత పెట్టింది.

"ఇది లేకపోతే పొట్టిగా పలుకుతుంది."

"ఇంకో మాట చెప్పు" అన్నాడు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

సాయంత్రం ఇంకో పది నిమిషాలు నడిపించమని చెప్పాను. ఇద్దరూ విన్నట్టు లేరు. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను. లోపల ఆవిడ ఒక మాట అంటోంది, ఆయన తప్పుగా అంటున్నాడు, ఆవిడ మళ్లీ నెమ్మదిగా అంటోంది.