దిగిన బీపీకి చెప్పిన స్తోత్రం

మా తమ్ముడు ప్రభువునందు నిద్రించాడు. ఉదయం ప్రార్థన ముగించి లేస్తుండగా మరదలి ఫోన్ వచ్చింది. "వదినా" అన్నది. నాకు అర్థమైంది.

వాడు కావలిలో జంతుశాస్త్రం చెప్పేవాడు. గుండె పాఠమంటే ప్రాణం. ఆదివారం ఆరాధన అయ్యాక బిట్రగుంటలో మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, నేను ఉప్పుచేపలు కడుగుతుంటే ఆ పాఠం నాకూ చెప్పేవాడు.

"బీపీ ఎక్కువైతే గుండె కండలో కణాలు సాగుతాయి అక్కా. సాగినట్టు కనిపెట్టే అణువులు వాటి అంచుల్లోనే ఉంటాయి. అవి లోపలికి కబురు పంపిస్తాయి. కొత్త పోగులు పాతవాటి పక్కనే చేరి కణం లావవుతుంది. అమ్మ కడుపులో పనిచేసి, ఆనక నిద్రపోయిన జన్యువులు కూడా మళ్లీ లేస్తాయి."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే. ఉప్పూ నీళ్లూ బయటికి పంపమని గుండె తనే కిడ్నీలకు కబురు పెడతాది. నువ్వేమో ఉప్పుచేపలు వేయిస్తా ఉండావు."

"అడిగింది నువ్వే కదరా!"

పిల్లలకు అంత బాగా చెప్పేవాడు తన మాత్రలు మాత్రం గుర్తొచ్చినప్పుడే వేసుకునేవాడు. అడిగితే, "గుండె ఓర్చుకుంటా ఉండాది లే" అనేవాడు. ఓర్పు మంచిదే కదా అన్నాను ఒకసారి.

"కొంతకాలం మంచిదే. తర్వాత కణాల మధ్య నార పేరుకుంటాది. గట్టిపడిన గుండె రక్తాన్ని సరిగా నెట్టలేదు."

వాడి బీపీ కోసం మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు చేశాం. పోయిన వేసవిలో అది దిగింది. ఏళ్ల తరబడి దిగని అంకె, మందు మార్చకుండానే మామూలుకు వచ్చింది. మరదలు లేచి సాక్ష్యం చెప్పింది. అందరం స్తోత్రం చెప్పాం. సంఘపెద్ద ఒకాయన వాడి భుజం తట్టి, "ఏం సైన్సు అయ్యవారూ, ఇప్పుడేమంటావయ్యా?" అన్నాడు. వాడు నవ్వి, "ఆమేన్" అన్నాడు.

ఇంటికి వస్తుంటే మరదలు ఆడవాళ్లతో మాట్లాడుతూ వెనకబడింది. మేమిద్దరం ముందు నడుస్తున్నాం. రైల్వే గేటు దగ్గర వాడు ఆగిపోయాడు.

"గేటు తెరిచే ఉంది కదరా."

"నాకు పడిందిలే అక్కా," అని నవ్వబోయి దగ్గాడు. రొప్పు కాస్త తగ్గాక చెప్పాడు. "బీపీ దిగింది నయమై కాదు. నెట్టే గుండె అలిసిపోయింది."

"మరి ఆమేన్ ఎందుకన్నావురా?"

వెనక వస్తున్న భార్య వైపు చూశాడు. "దాని మొహం చూసినావా? ఎన్నాళ్లకు నవ్వింది."

మర్నాడే నెల్లూరు తీసుకువెళ్లాం. స్కాను చూసి డాక్టరు గారు వాడన్న మాటే అన్నారు. మరదలికి వాడే నెమ్మదిగా చెప్పుకున్నాడు. మందులతో కొన్ని నెలలు గడిచాయి. ఆమె మళ్లీ సాక్ష్యానికి లేవలేదు.

ఆ రోజు మేము దేనికి స్తోత్రం చెప్పాం? వాడి గుండె చేతులెత్తేసినందుకా? ఈ మాట పాస్టరు గారిని అడగలేదు, మరదలి ముందు ఎత్తలేదు. ప్రార్థనలో అడిగాను. ఇంకా అడుగుతున్నాను.

చివరి వారం ఆసుపత్రిలో ప్రార్థన చేద్దామని వాడి మంచం పక్కన నిలబడ్డాను. ఏమని అడగాలో తోచలేదు. ఆ మాటే వాడితో అన్నాను.

"ఏమీ అడగబాక అక్కా."

నా చెయ్యి తీసుకుని ఎడమ చంక కిందుగా పెట్టుకున్నాడు. పెరిగిన గుండె అంత పక్కకు జరిగింది.

"ఇదిగో, ఇక్కడుండాది."

నేనెప్పుడూ కళ్లు మూసుకునే ప్రార్థిస్తాను. ఆ రోజు మూయలేదు. వాడి పక్కటెముకల మీద నా అరచెయ్యి లేస్తోంది, ఆగుతోంది, మళ్లీ లేస్తోంది.