మా తోడికోడలి కప్ప బండి

అత్త కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఆవిడను అందరూ ఎగతాళి చేస్తారు. నేను చెయ్యను. మా అత్తగారు నన్ను ఏనాడూ కొట్టలేదు, మా తోడికోడలు నవ్వనూ లేదు. ఒక బండి కొన్నది, అంతే. ఆ బండి నేను కొనుక్కోవలసింది.

ముందు నా మోకాలి సంగతి చెప్పాలి. మాది దుమ్ముగూడెం దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. నాకొక చేను ఉంది. మాకు అనడం లేదు, నాకు. అది మా అత్తగారికి ఆమె తల్లి ఇచ్చిన చేను. ఆమె మంచాన పడ్డప్పుడు నేను చూసుకున్నానని, పోయే ముందు నా పేర రాసింది. ఊరికి వాగు అవతల ఉంటుంది. మిరప వేస్తాం. వాగుకు వంతెన లేదు. వాన పడిందంటే ఆ నల్లరేగడి చెప్పు వేసుకుంటే చెప్పును, కాలు పెడితే కాలును లాక్కుంటుంది. నా స్కూటీ మొదటి మలుపులోనే దిగబడుతుంది. ట్రాక్టరు ఎక్కి దిగడానికి మోకాలు ఒప్పుకోదు. మోకాలు అరిగిపోయిందని భద్రాచలంలో డాక్టరు చెప్పినప్పటి నుంచి నేను నా చేను ముఖం చూడలేదు.

మా ఆయన వెళ్ళి వచ్చేవాడు. ఎట్లుంది అంటే బాగుంది అనేవాడు. ఆయనకు అన్నీ బాగుంటాయి. ఉప్పు లేని పప్పు కూడా బాగుంటుంది. అది మంచి గుణమే, కానీ మిరప చేనుకు పనికిరాదు. ఒకరోజు అన్నం తింటూ, "వచ్చే ఉగాదికి ఆ చేను కౌలుకిచ్చేద్దాం, నువ్వెట్లాగూ పోలేవు కదా," అన్నాడు. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పడేశాను. కౌలుకు పోయిన చేనును మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవడం ఎంత కష్టమో మా పుట్టింటి వైపు, మధిర దగ్గర, కళ్ళారా చూసినదాన్ని. ఉగాదిలోగా నా అంతట నేను చేను చేరే దారి వెతుక్కోవాలి, లేకపోతే చేను పోయినట్టే.

అప్పుడు తెలిసింది ఆ బండి సంగతి. బూర్గంపాడులో ఒకతను గోదావరి చూడవచ్చిన జనాన్ని ఇసుకలో తిప్పడానికి కొన్నాడట. లావుపాటి నాలుగు చక్రాలు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిలు, పైన కప్పు లేదు. బురదలో, ఇసుకలో, గట్ల మీద పోతుంది. రోడ్డు మీద తిప్పడానికి కాగితాలుండవు. నాకు రోడ్డు ఎందుకు? జనం రావడం తగ్గి అతను అమ్మకానికి పెట్టాడు. కాలు పెద్దగా ఎత్తకుండానే ఎక్కి కూర్చోవచ్చని విని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయనను ఒప్పించాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కరివేపాకు కోసుకోవడానికి వచ్చిన మా తోడికోడలికి కూడా చెప్పాను. ఆమెది కారేపల్లి. మా మరిది ఖమ్మంలో ఎరువుల కొట్లో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. వ్యవసాయం, పాడి అన్నీ ఆమే చూసుకుంటుంది. అంతకు కొద్ది రోజుల ముందే తన బర్రెలను అమ్మింది.

"నేను గూడ వస్త అక్కా. మా బర్రెలను అమ్మిపెట్టిన దళారిని తోల్కపోదాం. బేరం ఆయన ఆడుతడు," అన్నది.

తోడబుట్టినదైనా ఇంత చేయదు కదా అని మురిసిపోయాను. బర్రెలమ్మిన డబ్బు ఆమె దగ్గర ఉందన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

నలుగురం వెళ్ళాం. బండి మా ఎదుట పెట్టి, అమ్మే అతను ఒక్క నొక్కుకే స్టార్ట్ చేశాడు. మా ఆయన, "బాగుంది," అన్నాడు. మా తోడికోడలు మాత్రం వంగి ఇంజను మీద అరచెయ్యి పెట్టింది.

"అన్నా, మేం రాకముందు నడిపినవా?"

"లేదమ్మా. మీ ముంగటనే కదా స్టార్ట్ చేసిన."

"మరి గింత వేడెందుకున్నది?" అని నా వైపు తిరిగింది. "బర్రెను సంతకు తెచ్చేటోడు ఆ పొద్దు పాలు పిండడు అక్కా. పొదుగు నిండుగ కనపడాలె కదా. గిది గూడ గట్లనే. చల్లారినంక చూద్దాం. అందాక చాయ్ తాగుదం."

అందరం అరుగు మీద కూర్చుని చాయ్ తాగాం. చల్లారిన బండి దగ్గి, తుమ్మి, మూలిగి, అతని చొక్కా తడిసిపోయాక గానీ లేవలేదు. ఆమె గాలి వడపోసే డబ్బా విప్పించి దులిపించింది. సగం గోదావరి ఇసుక అందులోనే ఉంది. చక్రాలను పట్టి ఊపింది. గొలుసు లాగి చూసింది. "ఇసుకతోని ఊపిరాడక గిట్లయింది గానీ, ఇంజను మంచిదే," అని నా చెవిలో అన్నది.

మా ఆయన ఆ చెవిమాట వినలేదు. ఇసుకను మాత్రం చూశాడు. "ముసలి ఎద్దు. మనకొద్దు, పా," అని లేచి నిలబడ్డాడు. నాకు కావాలని గట్టిగా అనవచ్చు. కానీ డబ్బు ఆయన జేబులో ఉంది, ఎదురుగా పరాయివాళ్ళున్నారు. ఇంటికి పోయాక పోరు పెడదాం, రేపు మళ్ళీ వద్దాం అనుకుంటున్నాను.

అప్పుడు ఆమె నా దగ్గరకు వచ్చి, "బావ వద్దంటున్నడు కదా అక్కా. మరి నేను అడగనా?" అన్నది.

ఇక్కడ నేను అనవలసిన మాట "వద్దు." నేను అన్న మాట "అడుగు, నాకేం?" ఈ నాకేం అనే మాటను ఎవరు కనిపెట్టారో గానీ, మా ఇళ్ళలో సగం కాపురాలు దాని మీదే నడుస్తాయి.

పశువుల బేరంలో ధర పైకి అనరు. దళారి తన తువ్వాలు చెయ్యి మీద కప్పుకుంటాడు, దాని కింద అవతలివాళ్ళు అతని వేళ్ళు పట్టుకుని ఎంతో చెబుతారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. అలవాటు కొద్దీ ఆ ముసలాయన బండి బేరానికీ తువ్వాలు తీశాడు. ముందు అమ్మేవాడి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మా ఆయన వైపు చూశాడు. ఆడది తువ్వాలు కింద చెయ్యి పెట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"నువ్వా బిడ్డా? మీ బావను పెట్టమనరాదు?" అన్నాడు దళారి.

"పైసలు నాయి గాదా పెద్దయ్యా? చెయ్యి గూడ నాదే ఉండాలె."

పెట్టింది. తువ్వాలు కింద గాజులు గలగలమన్నాయి. ఆగాయి. మళ్ళీ అన్నాయి. ఆ చప్పుడును బట్టి ఎన్ని వేళ్ళు పట్టిందో పసిగడదామని చెవులు రిక్కించాను, ఏమీ అంతు పట్టలేదు. దళారి అటూ ఇటూ తిరిగాడు. చివరికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "కొన్నోళ్ళు కొంచెం ఏడ్వాలె, అమ్మినోళ్ళు కొంచెం ఏడ్వాలె. గప్పుడే అది ధర్మమైన బేరం," అన్నాడు. నిజంగానే ఇద్దరి ముఖాలూ కొంచెం ముడుచుకుని ఉన్నాయి. పూర్తిగా ఏడ్చింది నేను ఒక్కదాన్నే. అదీ లోపల.

బండిని ట్రాక్టరు ట్రక్కులో తెచ్చారు. భద్రాచలం మెకానిక్కు వచ్చి ఇసుకంతా కడిగి, రెండు సామాన్లు మార్చాడు. ఆ తర్వాత అది పొద్దున్నే ఒక్క నొక్కుకు లేచేది. నా వాకిలి ముందు నుంచే పోయేది. మిరపకాయలు ఏరడానికి గూడెం నుంచి వచ్చే ఆడవాళ్ళు దాన్ని చూసి కప్ప బండి అని పేరు పెట్టారు. కాళ్ళు చాచి కూర్చున్న కప్పలాగే ఉండేది కూడా. వెనక నీళ్ళ డబ్బాలు, ముందు గోనె సంచులు, మధ్యలో మహారాణిలాగా మా తోడికోడలు. లారీల వెనక నన్ను చూసి ఏడవకురా అని రాసి ఉంటుంది కదా. ఆమె రాయించలేదు. నాకు మాత్రం కనిపించేది.

ఎంతకు కొన్నదో తెలిస్తే కొంత నయంగా ఉంటుందనిపించింది. మోసపోయి ఉంటే నా కడుపు చల్లబడేది. ఆమెను అడగడానికి నామోషీ. దళారి ఊళ్ళోకి వచ్చినప్పుడు మజ్జిగ ఇచ్చి మరీ అడిగాను. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "తువ్వాల కింది మాట తువ్వాల కిందనే ఉండాలె బిడ్డా," అని వెళ్ళిపోయాడు. మా ఆయనను అడిగితే, "ఎంతైతేనేం, బాగుంది కదా," అన్నాడు. ఆ రోజు నిజంగానే పప్పులో ఉప్పు వెయ్యలేదు.

రెండుసార్లు ఆమె వాకిట్లో ఆపి, "చేనుకొస్తవా అక్కా?" అని అడిగింది. "పనుంది," అన్నాను రెండుసార్లూ. ఏ పనీ లేదు. ఆమె వెనక కూర్చుని నా చేనుకు నేను చుట్టంలా పోవడమా?

కోతలు సగానికి వచ్చాయి. ఒక సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "చేను కౌలుకు అడుగుతున్నరు," అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు, మన చిన్నదే. బండి ఉంది కదా, రెండు చేలూ ఒక్క చేతి మీద చూసుకుంటదట. నేను సరేనందామనుకుంటున్న."

నా కడుపు మండిందనడం చిన్న మాట. బండి తీసుకున్నది, ఇప్పుడు ఆ బండెక్కి వచ్చి నా చేను కూడా తీసుకుంటుందన్నమాట. తెల్లవారగానే వాకిట్లో బండికి అడ్డంగా నిలబడ్డాను.

"నన్ను చేనుకు తీసుకుపో," అన్నాను.

ఆమె సీటు మీద ముందుకు జరిగింది. వాగులో దిగినప్పుడు భయపడి ఆమె భుజం పట్టుకోబోయి, వెనక ఇనుప చట్రాన్ని పట్టుకున్నాను. నీళ్ళు చిమ్మాయి, చక్రాలు బురదను తొక్కుకుంటూ అవతలి గట్టు ఎక్కేశాయి. నా మోకాలికి తెలియనైనా తెలియలేదు. అంత సుఖంగా ఉండేసరికి ఇంకా మండింది.

చేను చూశాను. బాగుంది అని మా ఆయన ఏడాదిగా చెప్పిన చేను. ముడత పట్టిన చెట్లను పీకకుండా వదిలేశారు. సాళ్ళ మధ్య గడ్డి మోకాలెత్తు ఉంది. వాగు వైపు గట్టు తెగి, మూల మడి నీటిలో కుళ్ళింది. పక్కనే ఆమె చేను ఎర్రగా, నిండుగా ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె ముందు ఏడవకూడదని అరిచాను.

"బండి నేను చూసిన బండి. తీసుకున్నవు. ఇప్పుడు చేను కూడా కావాలా నీకు?"

ఆమె బండి ఆపి దిగింది. నా కంటే గట్టిగా అరుస్తుందనుకున్నాను. మెల్లగానే అన్నది.

"అవ్, కావాలె. అత్తమ్మ నీ పేరు మీద రాసిన్నాటి సంది నాకు ఈ చేను మీదనే కన్ను. నువ్వు ఆమెకు చేసినవు, నిజమే. గప్పుడు నేను పురిటికి పోయి మా అమ్మోళ్ళింట్ల ఉన్న. ఉంటే నేను చెయ్యకపోదునా? నేను దున్నేది మీ మరిది పేరు మీదున్న చేను. నాది అనేటిది బర్రెలు ఒక్కటే ఉండె. వాటినమ్మి ఈ బండి కొన్న. పొద్దుగాల లేస్తే నీ చేను పక్కనుంచే పోవాలె నేను. రోజూ చూసుకుంట పోతున్న అక్కా."

అన్నేళ్ళుగా నన్ను చూసి ఆమె ఏడుస్తున్నదని నాకు తెలియదు. జాలి వేసిందా అంటే కొంచెం వేసింది. అంతకంటే ఎక్కువగా, నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో చల్లగా తగిలింది. అయినా అసూయ పోలేదు. బండి తాళం ఆమె చేతిలోనే ఉంది.

"కౌలుకివ్వను," అన్నాను.

"మరెట్ల చేస్తవు? రేపెట్లొస్తవు?"

"నీ బండి మీద. పొద్దున నాకు, మాపు నీకు. కిరాయి ఎంతో చెప్పు."

"కిరాయేంది అక్కా, ఊకెనే తీస్కపో."

"ఊరికే వద్దు." ఊరికే తీసుకుంటే నేను జన్మంతా ఆమెకు కింద పడి ఉండాలి. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "ఎంతో చెప్పు."

చెప్పింది. ఎక్కువన్నాను. తగ్గించింది. మరీ తక్కువైందనిపించి నేనే కొంచెం పెంచాను. ఒప్పుకున్నది.

"జరుగు, నేను నడుపుతా," అన్నాను.

ఎక్సలేటరు కుడిచేతి బొటనవేలితో నొక్కాలని చూపించి, ఆమె వెనక కూర్చున్నది. నొక్కాను. బండి ఒక్క గెంతు గెంతి, నా చేను గట్టెక్కింది. ఆమె రెండు చేతులతో నా నడుము పట్టుకున్నది.

"మెల్లగ పో అక్కా! బండి నాది."

"చేను నాది," అన్నాను. ఇంకొంచెం నొక్కాను.