అమీనా చేతికిచ్చిన మూడు వేలు

జప్తుకు వచ్చిన కోర్టు అమీనాతోనే బేరమాడి, ఐదు వేలు అడిగినవాణ్ణి మూడుకు దించినవాణ్ణి నేను. గుడియాత్తంలో అంగళ్ల మధ్య పెరిగినవాళ్లలో ఈ ఘనత ఇంకెవరికైనా ఉందేమో తెలియదు. అయినా ఇవాళ్టికీ వాకిట్లో మోటారుసైకిలు స్టాండు టక్కున పడిందంటే, నేత ఆపి లేచి నిలబడతాను. ఆ వెంటనే పక్కింటి రాజమ్మ గుర్తొస్తుంది. వేలూరు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాట తెలుగే గానీ, చదవడం రాయడం అంతా తమిళంలోనే.

నూలు వ్యాపారికి బాకీ పడ్డాను. కోర్టు నోటీసు వస్తే వెళ్లలేదు. వెళ్లకపోతే అతనే దిగివచ్చి ఎంతో కొంతకు ఒప్పుకుంటాడని నా లెక్క. అతను దిగిరాలేదు, డిక్రీ వచ్చింది. కొన్నాళ్లకు వారంటు పట్టుకుని అమీనా మోటారుసైకిలు మీద వచ్చాడు. నా బతుకంతా ఒక్క లుంగీ మగ్గం మీదే. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, రాకపోకల ఖర్చు, సామాను మోసే కూలి, తన ఫీజు అన్నీ కలిపి ఐదు వేలన్నాడు. ఇస్తే వారం ఆగుతానన్నాడు. నేను రెండు దగ్గర మొదలుపెట్టాను. మూడుకు తెగింది.

సాయంత్రం ఈ విజయాన్ని రాజమ్మకు చెప్పుకున్నాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, రసీదు యాడ అని అడిగింది. లేదన్నాను.

"సర్కారు ఫీజు బేరానికి దిగుతుందా నాయనా? దిగిందంటే అది ఫీజు కాదు."

అమీనా వచ్చిపోయే బత్తాను బాకీ రావలసినవాడే ముందుగా కోర్టులో కడతాడట. అది ఖర్చుల కింద కాగితం మీదికెక్కి చివరికి నా నెత్తినే పడుతుంది గానీ, అతని చేతిలో విడిగా పెట్టవలసింది ఏమీ లేదట. ఆ పైన ఇంకో మాట చెప్పింది.

"బీరువా ఎత్తుకోని పోతాడు, టీవీ ఎత్తుకోని పోతాడు. నేసి బతికేవాని మగ్గం తాకేదానికి చట్టం ఒప్పదు."

ఆ వారం నాకు కాలు నిలవలేదు. అతికిన పోగు అతికిన చోటే తెగేది. వీధిలో ఏ బండి ఆగినా బీరువా వైపు చూసేవాణ్ణి. రాజమ్మే నన్ను బస్సెక్కించి, వేలూరులో తనకు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లింది. పళ్లికొండ దాటేదాకా, మోసపోయానని నేను అమీనాను తిడుతూనే ఉన్నాను. ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పింది.

"మోసపోయినావా? ఫీజు కాదని బేరం మొదలుపెట్టినప్పుడే నీకు తెలుసు. వారం దినాలు కొనుక్కున్నావప్పా."

అంగడి పిల్లవాణ్ణి, అంత సులువుగా దిగే ధరలో ఏదో ఉందని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వకీలు అర్జీ పెట్టాడు. వాయిదాల్లో కట్టడానికి కోర్టు ఒప్పుకుంది. అమీనా మళ్లీ రాలేదు. ఆఖరి వాయిదా కట్టిన రోజు, రాజమ్మ చదవగలిగేలా తమిళంలోనే మొత్తం లెక్క రాశాను. మూడు వేల పక్కన అమీనా అని రాయబోతే ఆమె నా చేయి పట్టుకుంది.

"నీ పేరు రాయి."

ఆమె పోయి రెండేళ్లయింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అప్పూ వడ్డీ నలభై రెండు వేలు. కోర్టు ఖర్చులు పద్దెనిమిది వందలు. బత్తా మూడు వందల యాభై. వకీలుకు రెండు వేలు. లంచం మూడు వేలు, ఇచ్చింది నేను.